మూర్ఛవ్యాధి – గృహిణుల కర్తవ్యము



జ్వరము వచ్చిన బిడ్డను మనము వెంటనే వైద్యుని యొద్దకు గొనిపోవుదుము. కాలు విఱిగినవారిని నలుగురును వచ్చి పలుకరింతురు. మధుమేహమునకు మాత్రలు మ్రింగువారు విందు పంక్తిలో గూర్చుండియు నా సంగతి దాచరు. కాని యొక్క వ్యాధి మాత్రము మన యిండ్లలో తలుపు చాటుననే యుండుచున్నది. వైద్యుడు వ్రాసి యిచ్చిన చీటి పెట్టె యడుగునకు బోవును. మాత్రలు బియ్యపు డబ్బా వెనుకకు బోవును. బిడ్డ బడి మాని యింటిలో మూలకు బోవును. చుట్టములు వచ్చినప్పుడెల్ల తల్లి ప్రాణములు గుప్పిట బెట్టుకొని యుండును. ఆ వ్యాధియే మూర్ఛ.

ప్రపంచమున దాదాపు 5 కోట్ల మందికి ఈ వ్యాధి గలదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మన దేశమున నిట్టివారు కోటికి తక్కువ యుండరని వైద్యుల యంచనా. తగిన పరీక్షయు తగిన మందును లభించినచో వీరిలో నూటికి 70 మంది వఱకు మూర్ఛలు రాకుండ జీవింపగలరని యా సంస్థయే ప్రకటించినది. అయినను బీదదేశములలో నూటికి 75 మందికి తగిన చికిత్స యందుట లేదు. మందు ప్రియమగుట చేతనా? కాదు. మూర్ఛకు వాడు పాతమందులు మిక్కిలి చౌక. వైద్యులు దూరమున నుండుటయు, ఊరిలో మందు దొరకకపోవుటయు నొక కారణము. సిగ్గు, భయము, దాపరికము రెండవ కారణము. మొదటి దానిని ప్రభుత్వములు తీర్పవలెను. రెండవ దానిని తీర్పగలవారు గృహిణులే. కావున నీ వ్యాధిని గూర్చి ప్రతి గృహిణియు నెఱుగవలసిన సంగతులను ఇచ్చట వివరించుచున్నాను.

పేర్లు – పూర్వుల భావములు

మన పల్లెలలో దీనిని మూర్ఛ యనియు, ఫిట్సు అనియు, కాకిసొమ్మ యనియు పిలుతురు. సంస్కృతమున దీని పేరు అపస్మారము. స్మరణము తొలగిపోవుట యని దాని యర్థము. చరకసంహితలో నీ వ్యాధి నిదానమునకు నొక యధ్యాయమును, చికిత్సకు నొక యధ్యాయమును గలవు. వాత పిత్త కఫములు వేర్వేఱుగను, మూడును గలిసియు ప్రకోపించుటచే నిది నాలుగు విధముల గలుగునని యందు చెప్పబడినది. ఆ సిద్ధాంతమును నేటి శాస్త్ర మంగీకరింపదు. కాని యొక్క విషయము గమనింపదగినది. అంత పూర్వమే మన వైద్యులు దీనిని ఔషధములతో చికిత్స చేయదగిన వ్యాధిగా నెంచిరి. నటరాజమూర్తి పాదము క్రింద నణగియున్న మరుగుజ్జు పేరును అపస్మారుడే. అజ్ఞానమునకు గుఱుతైన యా పేరు రోగికి గాక, రోగిని జూచి బెదరి పరుగెత్తు మనకే తగియున్నది.

అపోహలు మన దేశమునకే పరిమితములు గావు. ప్రాచీన గ్రీసుదేశమున దీనిని పవిత్రవ్యాధి యని పిలిచి, దేవతల యాగ్రహముగా నెంచెడివారు. క్రీస్తునకు పూర్వము 400 సంవత్సరముల ప్రాంతమున హిప్పోక్రటీసు సంప్రదాయమునకు జెందిన యొక గ్రంథము, ఇది తక్కిన వ్యాధుల కంటె నేమాత్రము దైవికము గాదనియు, దీని మూలము మెదడులో నున్నదనియు స్పష్టముగా చెప్పినది. అది నిజమని నిరూపించుటకు రెండువేల సంవత్సరములకు పైగా పట్టినది. 1873 లో జాన్ హ్యూలింగ్సు జాక్సను అను ఆంగ్లేయ వైద్యుడు, మెదడులోని బూడిదవన్నె పదార్థమున హఠాత్తుగా విడుదలయగు విద్యుత్తువంటి శక్తియే మూర్ఛయని వివరించెను. జర్మనీదేశమున జేనా నగరపు వైద్యుడు హాన్సు బెర్గరు మనుష్యుని తలపై తీగెలుంచి మెదడు విద్యుత్తరంగములను గీతలుగా తీయు విధమును 1929 లో ప్రకటించెను. నేడు వైద్యులు ఈ.ఈ.జి. యని చేయించు పరీక్ష యిదియే. దీనివలన నొప్పి యేమియు నుండదు.

మెదడులో నేమి జరుగును?

మన మెదడులో కోట్లకొలది నాడీకణములు గలవు. అవి సన్నని విద్యుత్సంకేతముల మూలమున నొండొంటితో మాటలాడుకొనుచుండును. సంతలో నెవరి బేరము వారు చేసికొనుచున్నంతసేపు పని సాగును. అందఱు నొక్కసారిగా కేకలు వేయసాగినచో నెవరి మాటయు నెవరికిని వినబడదు గదా! మూర్ఛ వచ్చినపుడు మెదడులో జరుగునది యిట్టిదే. తఱచుగా రెండు మూడు నిమిషములలో నా కల్లోల మణగును. మనుష్యుడు మెల్లగా తెలివి తెచ్చుకొనును.

ఇది దయ్యము గాదు, గ్రహచారము గాదు, పూర్వజన్మ పాపము గాదు. పిచ్చియు గాదు. ఒకరినుండి యొకరికి అంటునది యంతకంటెను గాదు. రోగి నోటి నురుగు తాకినను, ఒక్క కంచమున తినినను, ఒక్క పక్కపై పండుకొనినను ఇది యంటుకొనదు. కావున పడినవారిని ముట్టుకొని సాయపడుటకు వెఱవ నక్కఱలేదు.

మూర్ఛకు పెక్కు రూపములు

నేలపై బడి, కాలుసేతులు కొట్టుకొని, నోట నురుగు వచ్చుటయే మూర్ఛ యని మన మెఱుగుదుము. అది యొక రూపము మాత్రమే. కొందఱు పిల్లలు పాఠము వినుచు వినుచు పది సెకనులపాటు చూపు నిలిపి చిత్తరువు వలె నుండిపోవుదురు, పిలిచినను పలుకరు, మరల నేమియు జరుగనట్లు వ్రాత సాగింతురు. దినమున కిట్లు పలుమాఱులు జరుగవచ్చును. బడిలో పంతులమ్మ పరధ్యానమని కోపించును. ఇంటిలో తల్లి మొండితనమని కొట్టును. అదియు మూర్ఛయే. మందునకు చక్కగా లొంగునదియే. కొందఱు యుక్తవయస్సు పిల్లలకు ఉదయము నిద్రలేచిన వెంటనే చేతులు ఉలికిపడినట్లదరి, చేతిలోని కాఫీ గ్లాసో దువ్వెనయో జాఱి పడును. పరధ్యానపు పిల్ల యని మనము తిట్టుదుము. రాత్రి నిద్ర చాలనినాడు ఇది హెచ్చగును. మఱికొందఱికి ఒక చేయియో, ముఖములో నొక భాగమో మాత్రమే కదలాడును. ఇంక కొందఱు పరిసరముల నెఱుగక పెదవులు చప్పరించుచు, చీర చెఱగు నలుపుచు కొంతసేపు గడపుదురు. ఇట్టివానిని గమనించి వైద్యునకు చెప్పగలది, దినమంతయు బిడ్డను కనిపెట్టి యుండు తల్లియే.

అయితే వచ్చిన ప్రతి మూర్ఛయు మూర్ఛవ్యాధి గాదు. ఆఱు నెలలు మొదలు అయిదేండ్ల వఱకు గల పిల్లలలో నూటికి ఇద్దఱు మొదలు అయిదుగురికి, తీవ్రజ్వరము వచ్చినపుడు ఫిట్సు వచ్చుట గలదు. వారిలో చాలమందికి వయస్సు పెరిగిన కొలది నది తనంతట పోవును. తగిన కారణ మేదియు గనబడకుండ, 24 గంటలకంటె నెక్కువ యెడముతో, రెండు మాఱులు వచ్చినపుడు సాధారణముగా వైద్యులు దానిని మూర్ఛవ్యాధి యందురు. ఆ నిర్ణయము వైద్యుడు చేయవలసినదే గాని యిరుగుపొరుగు వారు గాదు.

కారణములు

కాన్పు కష్టమై శిశువునకు ప్రాణవాయువు అందకపోవుట, మెదడువాపు జ్వరములు, తలకు దెబ్బ తగులుట, పక్షవాతము, మెదడులో గడ్డలు, కొన్ని వంశపారంపర్య లక్షణములు – ఇవి ముఖ్యకారణములు. దాదాపు సగము మందిలో నే కారణమును గానరాదు. తల్లికి గాని తండ్రికి గాని యున్నంత మాత్రమున బిడ్డలకు వచ్చి తీరునని యనుకొనుట తప్పు. అట్టివారి బిడ్డలలో నత్యధికులకు రాదు.

మన వంటయింటికి సంబంధించిన కారణ మొకటి గలదు. పందిమాంసము సరిగా నుడుకక తినినవారి ప్రేగులలో బద్దెపురుగు పెరుగును. వారు బయలు ప్రదేశములలో మలవిసర్జనము చేసినపుడు ఆ పురుగు గ్రుడ్లు మట్టిలోను, నీటిలోను గలియును. అక్కడనుండి ఆకుకూరల ద్వారమునను, కడుగని చేతుల ద్వారమునను మన కడుపులోనికి వచ్చి, రక్తముతో మెదడునకు జేరి, బొబ్బలుగా నేర్పడి మూర్ఛలు గలిగించును. కావున జన్మలో మాంసము ముట్టనివారికిని ఇది రావచ్చును. ఈ పురుగు వ్యాపించియున్న ప్రాంతములలో మూర్ఛరోగులలో నూటికి 30 మందికి ఇదియే కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆకుకూరలను, పచ్చిగా తిను కాయలను పలుమాఱులు మంచినీట కడుగుట, మరుగుదొడ్డి వాడుట, వడ్డనకు ముందు సబ్బుతో చేతులు కడుగుకొనుట – ఇవియే దీనికి నివారణోపాయములు. ఇవన్నియు మన చేతిలోనివే.

మఱి రెండు జాగ్రత్తలు. దక్షిణదేశమున, అందును మైసూరు ప్రాంతమున, తలపై మిక్కిలి వేడినీరు పోసికొనినపుడు మూర్ఛ వచ్చువారు గలరని వైద్యులు గుర్తించిరి. తలంటు నాడు పొగలు గ్రక్కు నీరు చెంబులకొలది తలపై గ్రుమ్మరించుట వారికి తగదు. నీరు గోరువెచ్చగా నుండవలెను. రెండవది కర్పూరము. పూజాపీఠమునుండి కలకండ యనుకొని కర్పూరపు బిళ్ల నోట వేసికొనిన పసిబిడ్డకు ఫిట్సు రావచ్చును. కర్పూరపు డబ్బా పిల్లల కందని యెత్తున నుంచుడు.

ఎదుట మూర్ఛ వచ్చినపుడు చేయవలసినవి

1. ముందుగా గడియారము చూడుడు. మూర్ఛ యెంతసేపు ఉండెనో తెలియుట ముఖ్యము.

2. పొయ్యి, కత్తిపీట, గాజుపాత్రలు, మెట్లు మున్నగువానినుండి రోగికి దెబ్బ తగులకుండ వానిని ప్రక్కకు జరుపుడు. వీలులేనిచో రోగినే మెల్లగా నవతలికి చేర్పుడు.

3. తల క్రింద మెత్తని గుడ్డ మడిచి పెట్టుడు. కంఠమువద్ద బిగుతుగా నున్న గుండీలను వదులు చేయుడు. కండ్లజోడు తీయుడు.

4. కొట్టుకొనుట తగ్గగానే యొక ప్రక్కకు ఒత్తిగిలి పరుండబెట్టుడు. అట్లు చేసినచో నురుగును ఉమ్మియు వెలుపలికి వచ్చును, ఊపిరి యాడును.

5. చుట్టును మూగిన జనమును దూరముగా బంపుడు. చీర తొలగినచో సవరింపుడు. తెలివి వచ్చినపుడు ఆ మనిషి మొదట చూచునది పదిమంది వెడద కన్నులు గాక, ఒక దయగల ముఖమై యుండవలెను.

6. పూర్తిగా తెలివి వచ్చు వఱకు విడిచి పోకుడు. కొంతసేపు మగతయు, తలనొప్పియు నుండును. నిద్రింపనిండు.

ఇంక చేయరానివి. నోటిలో చెంచా గాని, వ్రేలు గాని, గుడ్డ గాని త్రోయరాదు. పండ్లు విఱుగును, ఊపిరి యాగును. కాలుసేతులను బలాత్కారముగా పట్టి యాపరాదు, ఎముకలు తొలగును. నీరు గాని, మందు గాని తెలివి రాకమునుపు పోయరాదు; అది ఊపిరితిత్తులలోనికి పోవును. చేతిలో తాళపుచెవుల గుత్తి గాని, ఇనుపముక్క గాని పెట్టుట, నీరుల్లి గాని చెప్పు గాని వాసన చూపుట మన యూళ్లలో నాచారము. ఇనుము పట్టుకొనినందువలన మూర్ఛ యాగదు. అది యాగు వేళకు తనంతట నాగును. కీర్తి మాత్రము తాళపుచెవులకు దక్కును!

మూర్ఛ 5 నిమిషములకు మించి సాగినను, తెలివి రాకుండ మరల మరల వచ్చినను, నీటిలో వచ్చినను, దెబ్బ తగిలినను, గర్భవతికి వచ్చినను, మొదటిసారి వచ్చినను ఆలసింపక 108 నంబరునకు ఫోను చేసి యాసుపత్రికి గొనిపోవలెను. దీర్ఘమూర్ఛల నాపుటకు ముక్కులో చల్లు మందులు నేడు గలవు. తఱచు మూర్ఛలు వచ్చువారి యింట నుంచుకొనదగునా యని వైద్యు నడిగి తెలిసికొనుడు.

చికిత్స

మూర్ఛ కుపయోగపడిన మొదటి ఆధునిక ఔషధము బ్రోమైడు. దానిని 1857 లో ఇంగ్లండున వాడ నారంభించిరి. 1912 లో జర్మనీవైద్యుడు హౌప్టుమాను ఫినోబార్బిటోనును, 1938 లో అమెరికా వైద్యులు మెరిట్, పట్నంలు ఫెనిటాయినును ప్రవేశపెట్టిరి. అటుపిమ్మట పదులకొలది క్రొత్తమందులు వచ్చినవి. కర్ణాటకమునందలి యెలందూరు పల్లెప్రాంతమున డాక్టరు కె. ఎస్. మణి మొదలగువారు పై రెండు చౌకమందులతోడనే గ్రామీణులకు చికిత్స చేసి మంచి ఫలితములు సాధించి, ఆ వివరములను 2001 లో ప్రకటించిరి. పెద్దనగరము లేకున్నను, పెద్దధనము లేకున్నను ఈ వ్యాధిని లోబఱచుకొనవచ్చునని దీనివలన తెలియుచున్నది.

కాని మందు పనిచేయుటకు నియమ మొక్కటి గలదు: ప్రతిదినము, వేళ తప్పక మ్రింగవలెను. రెండు నెలలు మూర్ఛ రాకపోవుటతోడనే వ్యాధి పోయెనని మాత్రలు మానుట మిక్కిలి ప్రమాదము. హఠాత్తుగా మానినచో మూర్ఛ వెంట మూర్ఛ వచ్చి ప్రాణము మీదికి వచ్చుటయు గలదు. సాధారణముగా రెండు మూడేండ్లు మూర్ఛ రానియెడల, వైద్యుడు పరీక్షించి మెల్లమెల్లగా తగ్గించును. కొందఱు జీవితాంతము వాడవలసి యుండును. అందులో నవమాన మేమున్నది? రక్తపుపోటునకు వాడుట లేదా? మందులకు లొంగనివారిలో కొందఱికి శస్త్రచికిత్స మేలు చేయును. తిరువనంతపురమునందలి శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థవంటి చోట్ల నిట్టి చికిత్స యేండ్ల తరబడి జరుగుచున్నది.

మన వ్రతములును, జాగరములును ఇచ్చట జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. నిద్రలేమి మూర్ఛను పిలుచుకొని వచ్చును. కావున శివరాత్రి జాగరము ఈ వ్యాధి గలవారికి తగదు. ఉపవాసము నాడు కూడ మాత్ర మానరాదు. భక్తితో నొక పువ్వు సమర్పించి నిద్రించిన బిడ్డపై నే దేవుడును గోపింపడు. అట్లే మ్రొక్కుబడులు వలదని నేను చెప్పుట లేదు. మ్రొక్కుతో పాటు మాత్రయు నుండవలెను. కాని వాతలు పెట్టించుట, వేపమండలతో కొట్టించుట, పొగలు పట్టించుట మాత్రము బిడ్డపై చేయు హింసయే గాని చికిత్స గాదు.

పెండ్లి – దాపరికము

ఇప్పుడు మిక్కిలి ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాను. ఆడుబిడ్డకు మూర్ఛ యున్నదనగానే తల్లిదండ్రుల మొదటి ప్రశ్న "నయమగునా?" యని కాదు, "పెండ్లి యగునా?" యని. ఈ భయమునకు కొంతకాలము చట్టము కూడ తోడ్పడినది. 1955 నాటి హిందూ వివాహ చట్టమునకు 1976 లో చేసిన సవరణ వలన, మాటిమాటికి మూర్ఛలు వచ్చువారు వివాహమునకు తగరని, ఉన్మాదముతో జతచేసి వ్రాయబడెను. అట్టి పెండ్లిని రద్దు చేయుమని న్యాయస్థానము నడుగుటకు దారి యేర్పడెను. మూర్ఛవ్యాధి ఉన్మాదము గాదని వైద్యులును రోగుల సంఘములును పోరాడగా, 1999 లో పార్లమెంటు ఆ చట్టమునుండియు, ప్రత్యేక వివాహ చట్టమునుండియు మూర్ఛ యను మాటను తొలగించినది. నేడు మూర్ఛ యున్నదను కారణమున నెవరును పెండ్లికి అనర్హులు గారు. చట్టము మాఱి యిరువదియైదేండ్లు గడచినను మన పెండ్లిపీటల దగ్గఱ మాత్రము పాతమాటయే నడచుచున్నది.

దాచి పెండ్లి చేయుటవలన నేమి జరుగుచున్నదో యోచింపుడు. పెండ్లి సందడిలో పిల్లకు నాలుగు రాత్రులు నిద్ర యుండదు. ముహూర్తము నాటికి ఉపవాసము. అత్తవారు చూతురను భయమున మాత్రలు పుట్టింటనే విడిచి పోవును. మూర్ఛ రప్పింపగల కారణములన్నియు నొక్కచోట గూడినట్లయినది. వారము తిరుగకుండ అత్తవారింట పడిపోవును. అప్పుడు వారికి తోచునది వ్యాధి గాదు, వంచన. "మమ్ము మోసగించిరి" అను మాటతో నా పిల్ల పుట్టింటికి పంపబడును. ముఖ్యవిషయము దాచి పెండ్లి చేసిరను వాదమునకు న్యాయస్థానమున కూడ చోటు కలుగును. మాత్రలు వాడుచు సంవత్సరములు సుఖముగా నుండదగిన పిల్ల, దాపరికమువలననే రోగియు, దోషియు నయినది.

కావున తల్లులారా! సంబంధము కుదురుటకు ముందే, ఇరువైపుల పెద్దలును, ముఖ్యముగా వధూవరులును ఎఱుగునట్లు విషయము చెప్పుడు. "మా పిల్లకు మూర్ఛ యున్నది. ఇన్నాళ్లనుండి మాత్రలు వాడుచున్నది. ఇంతకాలమునుండి రాలేదు. కావలసినచో వైద్యునితో మాటలాడుడు" అని తల యెత్తి చెప్పుడు. నాలుగు సంబంధములు తప్పిపోవచ్చును. తెలిసి వచ్చిన యైదవ సంబంధము నిలుచును. మగపిల్లవాని తల్లులకును ఇదే మాట. కుమారుని వ్యాధి దాచి కోడలిని దెచ్చుకొని, పిదప నామెయే దురదృష్టవంతురా లనుట యన్యాయము.

అత్తగారలకు నొక మాట. కోడలు మాత్ర మ్రింగుట చూచినపుడు, "అది యేమి మందు?" అని నిలదీయుటకు బదులు, "వేళయైనది, మ్రింగితివా, అమ్మా?" యని యడుగు నత్తగారు ఆ యింటిని నిలబెట్టినవారగుదురు.

గర్భవతులు

మూర్ఛవ్యాధి గల స్త్రీలు బిడ్డలను గనవచ్చును, పాలియ్యవచ్చును. వారిలో నూటికి 90 మందికి పైగా ఆరోగ్యవంతులైన శిశువులను గనుచున్నారు. కేరళదేశమున శ్రీ చిత్ర సంస్థవారు 1998 నుండి ఇట్టి గర్భవతుల వివరములు సేకరించుచు, వారికి మార్గము చూపుచున్నారు. అయితే మందుల విషయమున ముందుచూపు కావలెను. వాల్ప్రోయేటు అను మందు వాడుచుండగా గర్భము ధరించినచో నూటికి 10 మంది శిశువులకు పుట్టుకతో నవయవలోపములును, 30 నుండి 40 మందికి బుద్ధివికాసమున లోపములును గలుగవచ్చునని తెలిసినది. కావున పెండ్లికి ముందే, గర్భము ధరింపక మునుపే, వైద్యునితో సంప్రదించి తగినమందు మార్పించుకొనవలెను. ఫోలికామ్లపు మాత్రలును ముందునుండియే మొదలిడవలెను. కొన్ని మూర్ఛమందులు గర్భనిరోధపు మాత్రల బలమును తగ్గించును. దీనిని గూర్చియు సిగ్గుపడక వైద్యు నడుగుడు. ఇది చదివి యెవరును తమంతట తాము మాత్ర మానరాదు. గర్భవతికి పెద్దమూర్ఛ వచ్చుట తల్లికిని బిడ్డకును ప్రమాదకరము.

ఇంటిలోని నడవడి

మూర్ఛ గల స్త్రీ యొంటరిగా నున్నపుడు నేలమీది పొయ్యిపై వంట చేయరాదు. గట్టుమీది పొయ్యిలో వెనుకవైపు మంటను వాడుట మేలు. మరగుచున్న గిన్నెలను చేత మోయరాదు. స్నానపు గదికి లోపలి గడియ వేయరాదు. నూతిగట్టునకును, చెఱువునకును ఒంటరిగా పోరాదు. వాహనము నడుపరాదు. మూర్ఛలు వచ్చిన తేదీలను పంచాంగము మీదనో, చిన్న పుస్తకములోనో వ్రాసి యుంచుకొనవలెను. కొందఱు స్త్రీలకు నెలసరి దినములలో నివి హెచ్చుట గలదు. వైద్యునకు ఆ పుస్తకము మిక్కిలి యుపయోగపడును.

ఈ జాగ్రత్తలు మించి బిడ్డను గాజుబొమ్మవలె మూలకూర్చుండబెట్టరాదు. బడికి పంపుడు. ఉపాధ్యాయినికి విషయము చెప్పుడు. మూర్ఛ వచ్చినపుడు చేయవలసినవి కాగితముపై వ్రాసి యిండు. ఆటలాడనిండు, ఈతకు మాత్రము పెద్దల తోడు కావలెను. రష్యాదేశపు మహారచయిత దస్తయేవ్‌స్కీ యీ వ్యాధితోనే గొప్ప నవలలు వ్రాసెను. దక్షిణాఫ్రికా క్రికెట్టు వీరుడు జాంటీ రోడ్సు తనకు మూర్ఛ యున్నదని బహిరంగముగా చెప్పినవాడు. 1992 ప్రపంచకప్పులో గాలిలో నెగిరి వికెట్లు పడగొట్టిన యాతనిని జూచి లోకము చప్పట్లు కొట్టినది. వారు దాచియుంచబడిన బిడ్డలైనచో లోకము వారి నెఱిగియుండునా?

మన దేశమున ప్రతి సంవత్సరమును నవంబరు 17వ తేదీని జాతీయ మూర్ఛవ్యాధి దినముగా జరుపుచున్నారు. ఆ దినమున సభలు జరుగును, ఉపన్యాసములు జరుగును. కాని ఈ వ్యాధికి పట్టిన చీకటి సభలతో మాత్రమే పోదు. మాత్రల పొట్లము బియ్యపు డబ్బా వెనుకనుండి వచ్చి, మంచినీళ్ల కుండ ప్రక్కన, అందఱు చూచుచోట నుండవలెను. బిడ్డ వేళకు మ్రింగినదో లేదో యింటిలోని ప్రతివారును అడుగగలుగవలెను. మీ యింట ఈ వ్యాధి లేకపోవచ్చును. మీ వీథిలో నుండకపోదు. ఆ యింటి తల్లితో నొకసారి మనసిచ్చి మాటలాడుడు. వైద్యుని యొద్దకు తోడు పొండు. పెండ్లిమాటలలో నెవరైన నీ వ్యాధిని పేర్కొని పెదవి విఱిచినపుడు, "అది మందునకు లొంగు వ్యాధి, అంతియే" యని యొక్కమాట చెప్పుడు. ఆ మాట చెప్పుటకు పెద్దచదువులు గాని, పెద్దధనము గాని యక్కఱలేదు.